90 బోల్టుల అద్దం నుంచి ఐఏ 9110 దాకా

1990 జూన్ 10. బర్మింగ్‌హామ్ నుంచి స్పెయిన్‌లోని మలగాకి బయల్దేరిన బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానం 17,300 అడుగుల ఎత్తులో ఉండగా కెప్టెన్ ముందున్న అద్దం ఊడిపోయింది. గాలి ఆయన్ని సగం దాకా బయటికి లాగేసింది, క్యాబిన్ సిబ్బంది కాళ్లు గట్టిగా పట్టుకుని ఉండగా కో-పైలట్ విమానాన్ని సౌతాంప్టన్‌లో దించాడు, అందరూ ప్రాణాలతో బయటపడ్డారు.

ఆ అద్దాన్ని సరిగ్గా 27 గంటల ముందే మార్చారు. రాత్రి షిఫ్ట్, మనుషులు తక్కువ, మేనేజరే పనిలోకి దిగాడు. విప్పిన పాత బోల్టు ఒకటి చేత్తో పట్టుకుని, వెలుతురు సరిగా లేని చోట సొరుగుల్లోని బోల్టులతో కంటితోనే పోల్చి కొత్తవి తెచ్చాడు. మొత్తం 90 బిగిస్తే అందులో 84 సన్నవి, తేడా సుమారు 0.66 మిల్లీమీటరు. మిగతా 6 పొట్టివి. వాడాల్సిన బోల్టు ఏదో స్టోర్స్‌లో ఉన్న మనిషి చెప్పాడు కూడా, కానీ ఈయన విప్పినవాటి లాంటివే వేద్దామనుకున్నాడు, తీరా చూస్తే ఆ విప్పినవే చాలావరకు మాన్యువల్ చెప్పిన సైజు కావు. రెండో మనిషి కచ్చితంగా చూసి తీరాల్సిన పనుల్లో అద్దం బిగింపు లేదు.

విమానాల మెయింటెనెన్స్ సంస్థల కోసం ఉన్న క్వాలిటీ ప్రమాణం ఏఎస్ 9110ని ఇప్పుడు మళ్లీ సవరిస్తున్నారంటే నాకు మొదట గుర్తొచ్చేది ఆ సొరుగులే. ఎందుకో చెప్పాలంటే ఈ ప్రమాణం ఎక్కడ పుట్టిందో చూడాలి.

పుట్టింది హ్యాంగర్‌లో కాదు, ఫ్యాక్టరీలో. అమెరికా సైన్యం తనకు సరుకు అమ్మే కంపెనీల కోసం 1959లో ఎంఐఎల్-క్యూ-9858 అనే క్వాలిటీ నిబంధన తెచ్చింది. బ్రిటన్‌లో 1979లో బీఎస్ 5750 అనే క్వాలిటీ ప్రమాణం వచ్చింది, దాని ఆధారంగా 1987లో ఏ రంగానికైనా వర్తించే ఐఎస్ఓ 9000 అంతర్జాతీయ ప్రమాణాలు వచ్చాయి. అవి విమాన తయారీకి చాలవని అమెరికా కంపెనీలు 1997లో ఏఎస్ 9000 రాసుకున్నాయి. 1998లో పెద్ద విమాన కంపెనీలు కలిసి ఐఏక్యూజీ అనే అంతర్జాతీయ బృందం పెట్టుకున్నాక, 1999లో ఏఎస్ 9100 తయారైంది. ఇదంతా కొత్త వస్తువు చేసేవాడి కోసం రాసిన రాత.

మెయింటెనెన్స్ పని అలా ఉండదు. ఎవరో చేసిన విమానాన్ని ఇంకెవరో నడుపుతారు, మధ్యలో మనం విప్పుతాం. లోపల ఏం కనిపిస్తుందో విప్పేదాకా తెలియదు, పొద్దున ఫ్లైట్ టైమ్‌కి మాత్రం అప్పగించాలి. 1991 సెప్టెంబర్ 11న టెక్సాస్‌లో కాంటినెంటల్ ఎక్స్‌ప్రెస్ విమానం కూలి 14 మంది చనిపోయారు. తోకలో ఎడమవైపు పైభాగం నుంచి 47 స్క్రూలు ముందు రాత్రి విప్పారు, ఈలోగా షిఫ్ట్ మారింది, విప్పినట్టు తర్వాతి వాళ్లకి చెప్పాల్సిన కాగితంలో ఎక్కలేదు, వాళ్లు కుడివైపు పని మాత్రమే చేసి విమానాన్ని పంపేశారు. ఇలాంటి తప్పుల వెనక ఉండే అలసట, తొందర, ఒత్తిడి, మాట అందకపోవడం లాంటి 12 కారణాలని కెనడాలో గోర్డన్ డుపాంట్ 1993లో ఒక చోట చేర్చాడు, ఈ రంగంలోకి వచ్చేవాళ్లకి 'డర్టీ డజన్' పేరుతో ఇప్పటికీ అవే నేర్పుతున్నారు.

అందుకే 2003లో మెయింటెనెన్స్‌కి విడిగా ఏఎస్ 9110 తెచ్చారు. ఇది చట్టం కాదన్నది గుర్తుపెట్టుకోవాలి. చట్టం అంటే యూరప్‌లో పార్ట్-145, మన దగ్గర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ పెట్టిన సీఏఆర్-145, ఆ అనుమతి లేనిదే అలాంటి సంస్థ విమానం ఎగరొచ్చని సంతకం పెట్టడానికి వీల్లేదు. 9110ని పని ఇచ్చే కస్టమర్లు అడుగుతారు. ఏ, బీ కూర్పులు దాటి 2016లో సీ కూర్పు వచ్చింది, దీనికి ఆధారమైన ఐఎస్ఓ 9001 (ఆ 9000 ప్రమాణాల్లో ఒకటి) అంతకు ముందు ఏడాదే మారింది కాబట్టి.

నా అభ్యంతరం ఇక్కడే. ఐఎస్ఓ మారితే 9100 మారుతుంది, దాని వెంట 9110 మారుతుంది. 2015లో ఐఎస్ఓ క్వాలిటీ మాన్యువల్ తప్పనిసరి కాదంది. పార్ట్-145 సంస్థకి దానివల్ల ఒరిగింది దాదాపు ఏమీ లేదు, చట్టం ప్రకారం సంస్థ పని పద్ధతులన్నీ రాసిన ఎమ్ఓఈ అనే మాన్యువల్ ఎలాగూ ఉండి తీరాలి. నిజంగా పనికొచ్చినవి నకిలీ విడిభాగాల గురించీ, తప్పుల్లో మనిషి వైపు కారణాలు వెతకడం గురించీ సీ కూర్పులో పెట్టిన మాటలు. 2023లో పోర్చుగల్ విమాన సంస్థ టీఏపీ ఇంజినీర్లకి ఒక భాగం కాగితంలో ఉన్నదానికన్నా ఎక్కువ అరిగి కనిపించింది. ఆరా తీస్తే లండన్‌లోని ఏఓజీ టెక్నిక్స్ అనే కంపెనీ సీఎఫ్‌ఎం56 ఇంజిన్ భాగాలకి దొంగ సర్టిఫికెట్లు పెట్టి అమ్మినట్టు బయటపడింది. పట్టుకున్నది చేత్తో పనిచేసేవాళ్ల కన్ను.

ఇప్పుడు ఐఎస్ఓ 9001 కొత్త కూర్పు 2026 లక్ష్యంగా నడుస్తోంది, విమాన రంగంలోవి కూడా ఐఏ 9100, ఐఏ 9110 అని పేర్లు మార్చుకుంటున్నాయి. ఈలోగా యూరప్‌లో 2022 డిసెంబర్ 2 నుంచి పార్ట్-145లోకే సేఫ్టీ మేనేజ్‌మెంట్ (ప్రమాదానికి దారితీసేవాటిని ముందే గుర్తించి తగ్గించే పద్ధతి) వచ్చేసింది, మారడానికి సంస్థలకి రెండేళ్లు ఇచ్చారు. చట్టంలో ఉన్నదాన్నే ప్రమాణంలో వేరే మాటల్లో మళ్లీ రాస్తే హ్యాంగర్‌లో రెండు రికార్డులు నింపే పని తప్ప ఇంకేం మిగలదు.

ఇది మనకి దూరపు సంగతేం కాదు. శంషాబాద్‌లో విమానాల మెయింటెనెన్స్ చేసే జీఎంఆర్ ఏరో టెక్నిక్ ఉంది, 2025 నవంబర్‌లో ఫ్రాన్స్ కంపెనీ సాఫ్రాన్ వాళ్ల లీప్ విమాన ఇంజిన్ల మెయింటెనెన్స్ కేంద్రం మొదలైంది, మన పిల్లలు ఎందరో ఏఎంఈ (విమానాల మెయింటెనెన్స్ ఇంజినీరింగ్) చదివి ఈ పనిలోకి వస్తున్నారు. కొత్త కూర్పు వచ్చాక ఆడిట్ టీములు ఇలాంటి చోట్లకి వస్తాయి. వచ్చినవాళ్లు ఫైళ్లు తెరిచే ముందు రాత్రి షిఫ్ట్ పొద్దున షిఫ్ట్‌కి అప్పగించే కాగితం అడగాలి, అందులో విప్పి వదిలేసిన స్క్రూల లెక్క ఉందా అని చూడాలి, ఐఏ 9110లో ఆ ప్రశ్న మొదటి పేజీల్లోనే ఉండాలని నా కోరిక.