ఓడెక్కడం వేరు, రోడ్డెక్కడం వేరు: విదేశీ పోస్టింగ్‌కు కారు తీసుకెళ్లే సైనికుల అపోహలు - వాస్తవాలు

పోయిన వారం ఒక తెలుగు కుర్రాడు ఫోను చేశాడు. అమెరికా సైన్యంలో చేరి నాలుగేళ్లయింది, జపాన్‌కు పోస్టింగ్ వచ్చింది. "అన్నా, ఆర్డర్లు చేతికొచ్చాయి, కారు ఎప్పుడు అప్పగించాలి?" అని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే నాలుగు కొత్త టైర్లు వేయించిన సంగతి కూడా చెప్పేశాడు. ఆ కారు జపాన్ వెళ్లదని చెప్పాక కాసేపు అవతలి నుంచి మాట లేదు.

పదహారేళ్లుగా సైనిక స్థావరంలో రవాణా విభాగంలో పనిచేస్తున్నాను. ఈ మౌనం నాకు కొత్త కాదు. పోస్టింగ్ వచ్చిన మనిషికి ఇల్లు ఖాళీ చేయడం, పిల్లల బడి, ఇంటావిడ ఉద్యోగం, అన్నీ ఒకేసారి మీద పడతాయి. ఆ హడావిడిలో పక్క బ్యారక్‌లో ఎవరో చెప్పిన మాటే చట్టంలా వినిపిస్తుంది. కంగారు పడేవాళ్ల మీద నాకు కోపం లేదు. తెలియని విషయాన్ని తెలిసినట్టు చెప్పి పంపేవాళ్ల మీదే కోపం.

అపోహ: ఆర్డర్లలో కారుకు అనుమతి ఉంటే ఏ కారైనా, ఏ దేశానికైనా వెళుతుంది, తిరిగి వస్తుంది.

జనం జేబుకు ఎక్కువ చిల్లు పెట్టే మాట ఇదే. ప్రభుత్వం మీకు ఇచ్చేది రవాణా ఖర్చు మాత్రమే. కారును తమ నేల మీద తిరగనివ్వాలా వద్దా అన్నది ఆ దేశం ఇష్టం. తిరుగు ప్రయాణంలో అమెరికా చట్టం కూడా అంతే కఠినంగా ఉంటుంది. ఈ రెండింటినీ ఒకటిగా చూసినవాళ్లే నష్టపోతున్నారు.

జపాన్ సంగతే చూడండి. 1976 మార్చి 31 తర్వాత తయారైన కారును ప్రభుత్వ ఖర్చుతో అక్కడికి పంపరు. అంటే ఇప్పుడు రోడ్ల మీద కనిపించే కార్లు దాదాపు ఏవీ వెళ్లవు. సొంత డబ్బుతో పంపినా అక్కడి ఉద్గార, భద్రతా ప్రమాణాలకు తగ్గట్టు మార్పించడానికి అయ్యే ఖర్చు భరించడం కష్టం. అందుకే వెళ్లినవాళ్లలో ఎక్కువమంది అక్కడ దొరికే పాత కారు కొనుక్కుంటారు. ఊరట ఏమిటంటే, ఇలా పంపడానికి వీల్లేని పోస్టింగ్‌లకు మీ కారును అమెరికాలోనే ప్రభుత్వ ఖర్చుతో నిల్వ ఉంచుతారు. కానీ కారు వెళ్లగలిగే దేశానికి పోస్టింగ్ వచ్చి, మీరే పంపకూడదనుకుంటే ఆ నిల్వ ఖర్చు మీదే. ఈ తేడా చాలామందికి ఎవరూ చెప్పరు.

ఇక తిరుగు ప్రయాణం. 2018లో జపాన్‌లోని ఒకినావా నుంచి ఒక సార్జెంటు ఫోను చేశాడు. చిన్నప్పటి నుంచి కలలుగన్న నిస్సాన్ స్పోర్ట్స్ కారు, ఆర్34 స్కైలైన్ కొన్నాడు, 1999లో తయారైనది. రెండేళ్లు పసిబిడ్డలా చూసుకున్నాడు. బయలుదేరడానికి మూడు వారాల ముందు, దాన్ని ఇంటికి ఎలా పంపాలని నన్ను అడిగాడు. "మనం సైన్యంలో ఉన్నాం కదా, మినహాయింపు ఉంటుందన్నారు" అన్నాడు. అలాంటి మినహాయింపు లేదు. అమెరికా భద్రతా ప్రమాణాలకు తయారు కాని కారు దేశంలోకి రావాలంటే తయారై 25 ఏళ్లు నిండాలి. లెక్క మోడల్ సంవత్సరంతో కాదు, తయారైన నెలతో. ఉద్గార నిబంధనలకు 21 ఏళ్లు చాలు కానీ, భద్రతా నిబంధన దగ్గర కారు ఆగిపోతుంది. అతని కారుకు ఆ గడువు 2024లో గానీ తీరేది కాదు. తెలియక ఓడెక్కిస్తే రేవులోనే ఆపుతారు, తిరిగి పంపాలి లేదా తుక్కు చేయించాలి. ఆ మూడు వారాల్లో, కొన్న ధరలో సగానికి అమ్ముకుని వచ్చాడు. అదే 1992 నాటి పాత స్కైలైన్ మోడల్, ఆర్32 కొని ఉంటే సొంత ఖర్చుతోనైనా నిక్షేపంగా తెచ్చుకునేవాడు. ఆ ఒక్క ముక్క కొనేముందు చెప్పేవాళ్లు లేకపోయారు.

సైనికులకు మినహాయింపు ఉందనే ఈ పుకారు ఎక్కడ పుట్టిందో నాకు ఒక ఊహ ఉంది. విధుల మీద అమెరికాకు వచ్చే ఇతర దేశాల సైనికులకు మాత్రం, ఇక్కడ ఉన్నంతకాలం తమ కారు తెచ్చుకునే వెసులుబాటు ఉంది. పని ముగిశాక వెంట తీసుకుపోవాలి, ఇక్కడ అమ్మకూడదు. అది మనవాళ్లకు వర్తించదు.

విదేశంలో కారు కొనేముందు డ్రైవరు తలుపు తెరిచి, ద్వారం అంచున ఉన్న లేబుల్ చదవండి. అమెరికా సమాఖ్య భద్రతా ప్రమాణాలకు అనుగుణంగా తయారైందని అందులో స్పష్టంగా రాసి ఉండాలి. బానెట్ కింద ఉద్గారాల లేబుల్ కూడా చూడండి. జర్మనీలో తోటి సైనికుడి దగ్గర కొన్నా సరే, ఈ రెండు లేబుళ్లూ ఉన్న కారు ఇబ్బంది లేకుండా ఇంటికి వస్తుంది. లేబుల్ లేని బీఎండబ్ల్యూ ఎంత ముద్దుగా ఉన్నా, చవగ్గా వచ్చినా, అక్కడే అమ్మేయాల్సి వస్తుందనుకునే కొనండి. అమ్మేటప్పుడు ఇంకో చిక్కు. సైనిక హోదా వల్ల పన్ను లేకుండా జర్మనీలోకి వెళ్లిన కారును ఆ హోదా లేని స్థానికుడికి అమ్మాలంటే ముందు కస్టమ్స్ కార్యాలయానికి వెళ్లాలి. దిగుమతి సుంకంతో పాటు 19 శాతం విలువ ఆధారిత పన్ను పడుతుంది.

అపోహ: అప్పు నేను కడుతున్నాను కాబట్టి కారు నాది.

ఇది నా సొంత అనుభవం. 2007లో నేను యూనిఫాంలో ఉన్నప్పుడు జర్మనీలోని కైజర్స్‌లౌటర్న్‌కు పోస్టింగ్ వచ్చింది. కారు మీద అప్పుంది. కారు దేశం దాటాలంటే అప్పిచ్చిన సంస్థ రాతపూర్వక అనుమతి తప్పనిసరి. ఒక్క ఫోను చేస్తే వస్తుందనుకుని చివరి వారం దాకా ఆగాను. వాళ్లు తీరిగ్గా పంపారు, అప్పటికి మేం విమానం ఎక్కేశాం. నవంబరు చలిలో ఎనిమిది నెలల పాపను ఎత్తుకుని మా ఆవిడ బస్టాపులో నిలబడ్డ రోజులు ఇప్పటికీ గుర్తొస్తాయి. అందుకే నా బల్ల ముందు కూర్చున్నవాళ్లను మొట్టమొదట అడిగేది తేదీ కాదు, "కారు మీద అప్పుందా? లీజా?" అని. లీజు సంస్థలు కొన్ని అసలు ఒప్పుకోవు. ఆర్డర్లు వస్తాయని తెలిసిన రోజే ఉత్తరం రాయండి.

మిగతావి త్వరగా చెబుతాను.

కారును సామాన్ల పెట్టెలా వాడుకోవచ్చనేది తప్పు. జాకీ, స్టెపినీ, పాప సీటు లాంటివి తప్ప లోపల ఏమీ ఉండకూడదు. ట్యాంకులో ఇంధనం పావు వంతు దాటకూడదు. అడుగు భాగంతో సహా శుభ్రంగా కడిగించాలి. రీకాల్ పనులు, అంటే లోపం ఉందని కంపెనీయే వెనక్కి పిలిచి చేయాల్సిన మరమ్మతులు, పెండింగులో ఉంటే అవి పూర్తయ్యేదాకా కారు తీసుకోరు.

ఎంత పెద్ద వాహనమైనా పంపుతారనేదీ తప్పే. పరిమితి 20 మెజర్‌మెంట్ టన్నులు, అంటే 800 ఘనపుటడుగులు. ఎత్తు పెంచిన పికప్ ట్రక్కులు దీన్ని దాటతాయి, ఆ పైఖర్చు యజమానిదే. ప్రభుత్వ ఖర్చుతో వెళ్లేది ఒక్కటే వాహనం. భార్యాభర్తలిద్దరూ సైన్యంలో ఉంటే ఇద్దరికీ ఒక్కోటి.

అమెరికా బీమా జర్మనీలో చెల్లుతుందనుకోవద్దు. మామూలుగా చెల్లదు, అక్కడి పాలసీ తీసుకోవాలి. ముందు అద్దానికి, ముందు తలుపుల అద్దాలకు అంటించిన నల్ల ఫిల్మ్ ఇక్కడే పీకించండి, లేకపోతే అక్కడ తనిఖీలో తప్పుతారు. హెచ్చరిక త్రికోణం, ప్రథమ చికిత్స పెట్టె, మెరిసే జాకెట్ కారులో ఉండాలి.

కారు ఆలస్యమైతే అద్దె కారు మొత్తం ప్రభుత్వమే భరిస్తుందనుకునేవాళ్లు చాలామంది. చేరాల్సిన తేదీ దాటాకే, రోజుకు 30 డాలర్ల దాకా, గరిష్ఠంగా ఏడు రోజులకు ఇస్తారు. 2014 వేసవిలో రవాణా కాంట్రాక్టు చేతులు మారి వేల కార్లు ఆలస్యమైనప్పుడు, ఈ ఏడు రోజులు ఏ మూలకూ చాలక కుటుంబాలు పడిన అవస్థ నా కళ్లారా చూశాను. కొంత డబ్బు పక్కన పెట్టుకునే వెళ్లండి.

కారు చేతికొచ్చిన రోజు తాళం తీసుకుని ఆనందంగా బయటికి నడపకండి. అప్పగించేటప్పుడు తీసిన ఫొటోలు దగ్గర పెట్టుకుని, చుట్టూ తిరిగి, వంగి చూసి, ప్రతి గీతనూ అక్కడే తనిఖీ పత్రంలో రాయించండి. క్లెయిముకు రెండేళ్ల గడువుంది. కానీ ఆవరణ దాటాక కనిపించిన సొట్ట ఓడలో పడిందని నిరూపించడం చాలా కష్టం.

జపాన్ కుర్రాడి కారు నిల్వకు వెళుతోంది, అప్పగించే తేదీ ఖరారైంది. అక్కడ ఏ కారు కొనాలని అడుగుతున్నాడు. నచ్చిన కారు దొరికితే ఛాసిస్ నంబరు నాకు పంపమన్నాను, తయారైన నెల చూసి చెబుతాను.