చైనా గ్రాస్ లేకపోతే మైక్రోబయాలజీ లేదు

డిగ్రీ చదువుతున్న ఒకమ్మాయి ఈ మధ్య నన్ను ఒక ప్రశ్న అడిగింది. "సార్, లీవెన్‌హుక్ 1670ల్లోనే బ్యాక్టీరియాని చూసేశాడు కదా, మరి ఫలానా రోగానికి ఫలానా క్రిమి కారణమని తేల్చడానికి ఇంకో 200 ఏళ్ళు ఎందుకు పట్టింది?" ఎంత మంచి ప్రశ్నో! మన పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీలో లీవెన్‌హుక్ బొమ్మ, తర్వాతి పేజీలో పాశ్చర్, ఆ పక్కనే కాక్, వాళ్ళు పుట్టిన తేదీలు, పోయిన తేదీలు ఉంటాయి. పరీక్షలో రాయడానికి అవి చాలు. మధ్యలో ఆ 200 ఏళ్ళ ఖాళీ ఎందుకుందో మాత్రం ఎవరూ చెప్పరు. నన్నడిగితే అసలు పాఠం అక్కడే ఉంది, అందులో మన చైనా గ్రాస్‌కీ ఒక పెద్ద పాత్ర ఉంది.

మైక్రోస్కోపులు బాగా లేవు కాబట్టి అని మామూలుగా చెప్తారు. అది కొంతవరకే నిజం. డెల్ఫ్ట్ ఊళ్ళో బట్టల వ్యాపారం చేసుకునే లీవెన్‌హుక్ ఒకే ఒక్క చిన్న కటకంతో సుమారు 270 రెట్లు పెద్దగా చూడగలిగాడు. 1683లో పంటి పాచిలో కదిలే జీవుల గురించి లండన్ రాయల్ సొసైటీకి ఉత్తరం కూడా రాశాడు. చూడటం కాదు కష్టం, విడదీయడం. పంటి పాచిలో, మురికి నీళ్ళలో, రోగి కఫంలో పదుల రకాల బ్యాక్టీరియా కలిసి ఉంటాయి. చాలావాటి ఆకారం దాదాపు ఒకటే, చిన్న గుండ్రాలు, చిన్న కడ్డీలు. అందులో రోగం తెచ్చింది ఏదో ఎలా చెప్తారు? మాంసం ఉడికించిన నీళ్ళలో వేసి పెంచితే అన్నీ కలిసే పెరుగుతాయి, వేగంగా పెరిగేది మిగతావాటిని అణిచేస్తుంది. 1878లో బ్రిటిష్ సర్జన్ లిస్టర్ పాలని బాగా పలచన చేసి, ఒక్కో చుక్కలో ఒక్క క్రిమే వచ్చేంతవరకు తీసుకెళ్ళి, పాలు పులిసే బ్యాక్టీరియాని ఒంటరిగా పట్టుకున్నాడు. గొప్ప పనే, కానీ ఎక్కువ సంఖ్యలో ఉన్నదే అలా దొరుకుతుంది, తక్కువ ఉన్నది చేజారిపోతుంది.

జర్మన్ డాక్టర్ రాబర్ట్ కాక్ చేసింది ఏమిటంటే, క్రిముల్ని నీళ్ళలోంచి తీసి గట్టి నేల మీద పెట్టాడు. పొలంలో గింజలు పలచగా చల్లితే ఏ గింజ పడ్డచోట ఆ మొక్కే లేస్తుంది, పక్కదానితో కలవదు, ఇదీ అంతే. ఉడికించిన బంగాళాదుంపని కోసి గాలికి వదిలేస్తే దానిమీద అక్కడక్కడా రంగురంగుల చుక్కలు వస్తాయి. ఒక్కో చుక్కని మైక్రోస్కోపులో చూస్తే అందులో ఒకటే రకం. గాలిలోంచి వచ్చిపడ్డ ఒక్క కణం ఉన్నచోటే రెండై, నాలుగై, ఎనిమిదై చుక్కగా మారింది. ఆ చుక్కనే కాలనీ అంటాం. మన పేగుల్లో ఉండే ఈ.కోలై బ్యాక్టీరియా మంచి ఆహారం దొరికితే సుమారు 20 నిమిషాలకోసారి రెట్టింపవుతుంది, అంటే 20 రెట్టింపులకి 6 గంటల 40 నిమిషాలు, అప్పటికి 10 లక్షలు దాటేస్తుంది, ఇంకాసేపటికి కంటికి కనిపిస్తుంది. టీబీ బ్యాక్టీరియా రెట్టింపవ్వడానికి 15 నుంచి 20 గంటలు పడుతుంది. అందుకే టీబీ కల్చర్ (క్రిమిని పెంచి చూసే పరీక్ష) రిపోర్టుకి వారాలు ఆగాలి, ల్యాబ్ వాళ్ళ బద్ధకం వల్ల కాదు.

బంగాళాదుంప మీద మనుషులకి రోగాలు తెచ్చేవి చాలావరకు పెరగవు. అందుకని కాక్ మాంసరసంలో జెలటిన్ కలిపి గాజు పలకల మీద పోశాడు. పారదర్శకంగా బాగానే ఉంది, కానీ జెలటిన్ 25, 30 డిగ్రీలకే కరిగిపోతుంది. మన ఒంట్లో పెరిగే క్రిములకి కావలసింది 37 డిగ్రీలు. పైగా కొన్ని బ్యాక్టీరియా జెలటిన్‌ని తినేసి నీళ్ళలా చేసేస్తాయి. మే నెలలో ఏసీ లేని హైదరాబాద్ ల్యాబులో జెలటిన్ ప్లేట్ పెడితే పొద్దున పదికల్లా పలకంతా చారే.

1881లో కాక్ దగ్గర పనిచేసిన వాల్టర్ హెస్సేకి వేసవిలో ఇదే తలనొప్పి. ఆయన భార్య ఫానీ హెస్సే ఆయన పనిలో సాయం చేసేది, బొమ్మలు గీసేది. ఎండాకాలంలో కూడా నీ జెల్లీలు ఎలా గట్టిగా ఉంటున్నాయని ఆయన అడిగితే, అగార్ వేస్తానని చెప్పింది. న్యూయార్క్‌లో పెరుగుతున్నప్పుడు జావా నుంచి వచ్చిన డచ్ పొరుగింటివాళ్ళ దగ్గర నేర్చుకున్న చిట్కా అది. కాక్ 1882 మార్చిలో టీబీ క్రిమిని ప్రకటించిన వ్యాసంలో అగార్ సంగతి ఒక్క వాక్యంలో రాశాడు, హెస్సేల పేరు ఎత్తలేదు. దాని మీద వాళ్ళకి ఒక్క పైసా రాలేదు. ఈ సంగతి చదివినప్పుడల్లా నాకు బాధేస్తుంది. మూత ఉన్న గుండ్రటి పళ్ళేనికి 1887లో పెట్రీ పేరు నిలిచిపోయింది, అందులో పోసే జెల్లీకి మాత్రం ఫానీ పేరు లేదు.

ఆ అగారే మన చైనా గ్రాస్. బేగంబజార్ కిరాణా కొట్లలో తెల్లటి పొడుగు పీచుల కట్టలుగా అమ్ముతారు, రంజాన్ నెలలో పాలతో కాచి తీపి చేస్తారు. సముద్రంలో పెరిగే ఎర్ర నాచులోంచి తీసే చక్కెర గొలుసులు ఇవి. దీని అసలు మహిమ కరిగే వేడికీ గడ్డకట్టే వేడికీ మధ్య ఉన్న తేడాలో ఉంది. గడ్డకట్టిన అగార్ కరగాలంటే సుమారు 85 డిగ్రీలు కావాలి, కానీ కరిగినది చల్లారుతూ 35, 40 డిగ్రీల దాకా వస్తేగానీ గడ్డకట్టదు. చల్లారేటప్పుడు అగరోజ్ అనే ఆ చక్కెర గొలుసులు రెండేసి మెలికపడి జంట సర్పిలాలవుతాయి, ఆ సర్పిలాలు కట్టలు కడతాయి, ఆ కట్టలన్నీ కలిసి వలగా మారి నీటిని పట్టి ఉంచుతాయి. ఒకసారి కట్ట కట్టాక విడదీయడానికి చాలా ఎక్కువ శక్తి కావాలి. అందువల్ల 45 డిగ్రీల దగ్గర ద్రవంగా ఉన్నప్పుడు బ్యాక్టీరియాని చంపకుండా అందులో కలిపి పోయొచ్చు, తర్వాత 37 దగ్గర ఎన్ని వారాలుంచినా అది కరగదు. నూరు మిల్లీలీటర్ల నీటికి ఒకటిన్నర గ్రాములు చాలు. పైగా చాలా బ్యాక్టీరియా దీన్ని జీర్ణించుకోలేవు.

ఇక పని ఎలా చేస్తారంటే, చివర చిన్న చుట్టున్న నిక్రోమ్ తీగని మంటలో ఎర్రగా కాల్చి, చల్లారనిచ్చి, శాంపిల్‌ని తాకించి ప్లేట్ మీద ఒక మూల అటూ ఇటూ గీస్తారు. మళ్ళీ కాల్చి, ఆ మూల నుంచి పక్కకి గీస్తారు, మళ్ళీ కాల్చి, ఇంకో పక్కకి. ప్రతి గీతకీ క్రిములు పలచబడుతూ చివరికి ఒక్కొక్కటిగా విడిపోతాయి. అప్పుడు ప్లేట్‌ని బోర్లించి ఇంక్యుబేటర్లో, అంటే వెచ్చగా ఉంచే పెట్టెలో పెడతారు, లేకపోతే మూత లోపల పట్టిన తేమ చుక్కలుగా పడి కాలనీలన్నీ కలిసిపోతాయి. లెక్కపెట్టడం కూడా దీనితోనే. నీటిని వెయ్యి రెట్లు పలచన చేసి ఒక మిల్లీలీటరు పోస్తే 45 కాలనీలు వచ్చాయనుకోండి, అసలు నీటిలో మిల్లీలీటరుకి 45 వేలు ఉన్నట్టు.

మీరు ఇచ్చే యూరిన్ కల్చర్ కూడా ఇంతే. దొరికిన బ్యాక్టీరియాని ప్లేటంతా పరిచి, రకరకాల యాంటీబయాటిక్ కాగితపు బిళ్ళలు పెడతారు. మందు పనిచేస్తే బిళ్ళ చుట్టూ ఏమీ పెరగని గుండ్రటి ఖాళీ వస్తుంది, రిపోర్టులో ఎస్ (మందుకి లొంగుతుంది) అనీ ఆర్ (లొంగదు) అనీ రాసేది ఆ ఖాళీని స్కేలుతో కొలిచే. శాంపిల్ ఇవ్వకముందే మెడికల్ షాపులో అడిగి రెండు మాత్రలు వేసుకుంటే ప్లేట్ మీద ఏమీ రాకపోవచ్చు, దయచేసి ఆ పని చేయకండి. ఆషాఢంలో బోనాలు రాగానే వేపాకు సర్వరోగాలనీ చంపుతుందని సైన్స్ ఒప్పుకుందంటూ మెసేజ్‌లు తిరుగుతాయి. బోనం మీద వేపకొమ్మ ఉండటం నాకూ ఇష్టమే. కానీ వేపరసం చుట్టూ ప్లేట్ మీద ఖాళీ వచ్చినంత మాత్రాన అది మందైపోదు. అంత మోతాదు రక్తంలోకి చేరాలి, చేరి మనకి హాని చేయకూడదు. ఈ తేడాని పిల్లలకి బడిలో చెప్పాలి.

1928లో పెన్సిలిన్ కనిపెట్టిన ఫ్లెమింగ్ చూసింది కూడా ప్లేట్ మీద బూజు చుట్టూ కరిగిపోయిన కాలనీలనే. అదే సీసాలోని రసంలో జరిగుంటే ఎవరి కంటా పడేది కాదు. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి నాయకత్వంలో అమెరికా మందుల కంపెనీ లెడర్లీలో డగ్గర్ అనే శాస్త్రవేత్త మట్టిలోని క్రిముల్ని వెతుకుతూ బంగారు రంగు కాలనీ ఇచ్చేదాన్ని పట్టుకుంటే, 1948లో ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ వచ్చింది.

అయితే ప్లేట్‌కి లొంగనివి బోలెడు. మట్టిలో మైక్రోస్కోపుకి కనిపించేవాటిలో నూటికి ఒకటి పెరిగినా ఎక్కువే. 1897 ఆగస్టు 20న బేగంపేటలో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో చూసిన మలేరియా పరాన్నజీవి ఇలా జెల్లీ మీద పెరగదు, 1976లో గానీ దాన్ని మనిషి ఎర్ర రక్తకణాల్లో వరసగా పెంచడం కుదరలేదు. కుష్టు క్రిమిని హాన్సెన్ 1873లోనే చూశాడు, ఈ రోజుకీ ఏ జెల్లీ మీదా, ఏ రసంలోనూ ఎవరూ పెంచలేకపోయారు. పూర్వజన్మ పాపమని ఊరి బయటికి నెట్టేసిన మనుషులకి నిజామాబాద్ దగ్గరి డిచ్‌పల్లిలో ఆస్పత్రి కట్టి వైద్యం చేసిన రోజుల్లో ఆ డాక్టర్ల దగ్గర క్రిమి కల్చర్ లేదు. 1960లో ఎలుక పాదంలో పెంచగలిగారు, అక్కడా రెట్టింపవ్వడానికి దాదాపు రెండు వారాలు తీసుకుంటుంది. కారణం 2001లో దాని జీనోమ్ (జన్యువుల మొత్తం సమాచారం) చదివాక అర్థమైంది. టీబీ క్రిమికి సుమారు 4000 జన్యువులుంటే దీనికి పనిచేసేవి 1600 దాకానే, ఇంకో 1100కి పైగా పాడైపోయి పడున్నాయి. మన కణాల్లోపల బతకడానికి అలవాటుపడి సొంతంగా చేసుకోవలసిన ఎన్నో పనులకి కావలసిన జన్యువుల్ని పోగొట్టుకుంది.