బొమ్మలో కనిపిస్తున్నదాన్ని గొంతుతో మళ్లీ చెప్పాలా?

1944లో ఫ్రిట్జ్ హైడర్, మేరియాన్ సిమ్మెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఓ చిన్న యానిమేషన్ తయారుచేశారు. అందులో ఉన్నవి రెండు త్రిభుజాలు, ఒక చిన్న వృత్తం, తలుపున్న ఓ డబ్బా, అంతే. ముఖాల్లేవు, మాటల్లేవు. ఏం చూశారో రాయమంటే మొదటి బృందంలోని 34 మందిలో ఒక్కరే దాన్ని ఆకారాల కదలికగా రాశారు, మిగతా అందరికీ అందులో ప్రాణులు కనిపించాయి, దౌర్జన్యం చేసే పెద్ద త్రిభుజం, భయపడి పారిపోయే వృత్తం, ఇలా కథే అల్లేశారు.

షార్ట్ ఫిల్మ్‌కి వాయిస్ ఓవర్ రాసేవాళ్లు ముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. కదలిక కనిపిస్తే చాలు, దాని వెనక ఉద్దేశం ఏమిటో ప్రేక్షకుడే ఊహించుకుంటాడు, అందులోనే అతనికి మజా. ఆ అవకాశం మనం లాగేసుకోకూడదు.

ఒక షాట్ అనుకుందాం. ఓ పిల్లాడు స్కూల్ బ్యాగుతో వస్తూ, ఒక గేటు దగ్గరికి రాగానే మునివేళ్ల మీద నడుస్తాడు. వెనక గొంతు 'వాడికి భయం వేసింది' అంటే దండగ, ఆ పాదాలు చెప్పేశాయి కదా. అదే గొంతు 'ఆ ఇంట్లో కుక్క లేక ఏడాదైంది' అంటే? బొమ్మ మారలేదు, కానీ భయం ఎంత లోతుగా పాతుకుపోయిందో ఒక్కసారిగా అర్థమవుతుంది. గడిచిన కాలం, లేనివాళ్లు, పాత్రకి తెలియని విషయం, ఇవి బొమ్మకి కష్టం, మాటకి తేలిక. నా దృష్టిలో నరేషన్‌కి అసలు చోటు అదే.

1974లో బ్యాడ్లీ, హిచ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రతిపాదించిన వర్కింగ్ మెమరీ (విన్నదాన్ని, చూసినదాన్ని కాసేపు మనసులో పట్టి ఉంచే జ్ఞాపకం) నమూనా ప్రకారం మాటకీ బొమ్మకీ మెదడులో వేర్వేరు దారులున్నాయి, రెండూ ఇరుకైనవే. అందుకే ఒకే విషయాన్ని రెండూ పంచుకుంటే బాగా ఎక్కుతుంది. తెరమీద ఒకటి జరుగుతుంటే గొంతు మరేదో పెద్ద సంగతి ఎత్తుకుంటే మాత్రం ఏదో ఒకటి జారిపోతుంది. వినిపించే వాక్యాన్నే తెరమీద అక్షరాలుగా కూడా వేయడం మరీ భారం, వినికిడి ఇబ్బంది ఉన్నవాళ్లకిచ్చే సబ్‌టైటిల్స్ సంగతి వేరే.

లెక్క కూడా చూడండి. సెకనుకి 24 ఫ్రేములైతే 3 సెకన్ల వాక్యం 72 ఫ్రేములు తినేస్తుంది. ఒక చూపు, ఒక తడబాటు, దాని తర్వాతి నిశ్శబ్దం, అన్నీ అందులో పట్టేస్తాయి. యానిమాటిక్ (గీసిన బొమ్మల్ని వరుసగా పేర్చి చేసే కచ్చా వీడియో) దశలోనే సౌండ్ తీసేసి ఒకసారి చూడండి, కథ ఎక్కడ తెగిందో అక్కడే ఒక వాక్యం పెట్టండి. ఆ వాక్యం కూడా షాట్ మొదట్లోనే వద్దు, పిల్లాడి నడక మారడం కంటపడి, ఎందుకా అని అనిపించాక రావాలి.