బ్లార్నీ రాయి, వెల్లకిలా పెట్టే ముద్దు

చిరంజీవులైన పిల్లలకు ఆశీస్సులు.

ఐర్లండ్‌లో కార్క్ నగరానికి సుమారు 8 కిలోమీటర్ల దూరంలో బ్లార్నీ కోట ఉంది. దాని పైగోడలో ఒక సున్నపురాయి ఉంది. దాన్ని ముద్దుపెట్టుకున్నవాళ్లకు మాటకారితనం, ఎదుటివారిని పొగిడి మెప్పించే నేర్పు అబ్బుతాయని అక్కడి నమ్మకం.

1446లో ఈ కోట కట్టించిన దొర కోర్మక్ మెకార్తీ ఒక దావాలో చిక్కుకున్నాడట. క్లీనా అనే దేవతను వేడుకుంటే, ‘పొద్దున్నే న్యాయస్థానానికి వెళ్లే దారిలో మొదట కనబడ్డ రాయిని ముద్దుపెట్టుకో’ అందట. అలాగే చేసి, ధారాళంగా వాదించి గెలిచాడట. ఆ రాయినే తెచ్చి గోడలో పెట్టించాడని కథ.

ఇంకో కథ ప్రకారం, 1314 బానక్‌బర్న్ యుద్ధంలో సాయపడినందుకు స్కాట్లండ్ రాజు రాబర్ట్ బ్రూస్ తమ పట్టాభిషేక శిలలో సగం మెకార్తీ వంశీకులకు ఇచ్చాడట, అదే ఈ రాయి అట. ఇది నిలబడదు. స్కాట్లండ్ శిల ఇసుకరాయి. బ్లార్నీ రాయి నుంచి ఎప్పుడో తీసిన పలుచని ముక్కను గ్లాస్గో విశ్వవిద్యాలయ భూగర్భ శాస్త్రవేత్తలు పరీక్షించి, అది ఆ ప్రాంతపు సున్నపురాయేనని 2014లో తేల్చారు.

ఇక ముద్దు సంగతి. వందకు పైగా ఇరుకు మెట్లెక్కి సుమారు 26 మీటర్ల ఎత్తుకు చేరాలి. అక్కడి పిట్టగోడ అసలు గోడకన్నా ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది. రెంటి మధ్య సందు వదిలారు. కింద గోడ దగ్గరికి చేరిన శత్రువుల మీద రాళ్లు పడేయడానికి ఆ సందు. మన రాయి సందుకు అవతల, పిట్టగోడలో, నడిచే మట్టానికి దిగువన ఉంది. బోర్లా పడుకుని వంగితే ముఖం ఇవతలి గోడవైపే తిరుగుతుంది. వెల్లకిలా పడుకుని తల వేలాడదీస్తేనే రాయి ఎదురుగా వస్తుంది.

ముందుగా కళ్లజోడు, జేబుల్లోని ఫోను, చిల్లర తీసి పక్కన పెట్టాలి. తల కిందులైతే అవన్నీ జారిపోతాయి. సందుకు వీపు పెట్టి కూర్చుని, రెండు ఇనుప కడ్డీలు పట్టుకుని వెనక్కి వాలాలి. అక్కడి మనిషి ఒడిసి పట్టుకుంటాడు. చాలామంది భయంతో మెడ బిగించి సగంలోనే ఆగిపోతారు. భుజాలు అంచు దాటితే గాని పెదవులు అందవు. పూర్వం ఈ కడ్డీలు లేవు. చీలమండలు పట్టుకుని మనిషిని కిందికి దించేవారు. ఇప్పుడు సందుకు అడ్డంగా కూడా ఇనుప ఊచలు ఉన్నాయి.

ఇట్లు,
మీ తాతయ్య