ఉచిత వీడియో ఎడిటర్లు: అపోహలు – వాస్తవాలు

అపోహ: కేడెన్‌లైవ్ అనే ఉచిత ఎడిటర్‌లో లిప్‌సింక్ (పెదవుల కదలికకూ మాటకూ పొంతన) పోతుంది. ఫ్రీగా వచ్చేది కదా, అంతే.

వాస్తవం: చాలాసార్లు ఆ తేడా ఫోన్ ఫైల్లోనే ఉంటుంది. సెట్టింగ్‌లో 30 ఎఫ్‌పీఎస్ (సెకనుకు 30 ఫ్రేములు) అని ఉన్నా, వెలుతురు తగ్గితే ఫోను ఒక్కో ఫ్రేముకు ఎక్స్‌పోజర్ పెంచి, వేగం తగ్గించేస్తుంది. దీన్నే వేరియబుల్ ఫ్రేమ్ రేట్ అంటారు. ఎడిటర్‌లో క్లిప్పులు పేర్చే టైమ్‌లైనేమో ఒకే వేగంతో నడుస్తుంది. మొదటి నిమిషంలో ఏమీ తెలియదు. పదో నిమిషానికి పెదవులకూ మాటకూ పొంతన ఉండదు. ఆడియోను చేత్తో జరపకండి, ఇక్కడ కుదిరితే అక్కడ తప్పుతుంది. ఇలాంటి ఫైలు తెరిస్తే షాట్‌కట్ అనే మరో ఉచిత ఎడిటర్ తానే పసిగట్టి, ఎడిటింగ్‌కు అనువుగా మార్చమంటారా అని అడుగుతుంది. సరే అనండి. లేదంటే ముందే హ్యాండ్‌బ్రేక్ (వీడియో ఫైళ్లను మార్చే ఉచిత సాఫ్ట్‌వేర్) వీడియో ట్యాబ్‌లో ఫ్రేమ్ రేట్ 30, దాని కింద కాన్‌స్టంట్ ఎంచుకుని, నాణ్యత అంకె ఆర్‌ఎఫ్‌ను 18 దగ్గర పెట్టి మార్చుకోండి. ఫైలు సైజు పెరగొచ్చు, నాణ్యతలో కంటికి తేడా తెలియదు.

అపోహ: షాట్‌కట్ కంటే కేడెన్‌లైవ్ ఔట్‌పుట్ క్లారిటీగా ఉంటుంది.

వాస్తవం: రెండింటి అడుగునా వీడియోను నడిపించేది ఎంఎల్‌టీ అనే ఒకే ఇంజిను. హెచ్.264 వీడియో ఫార్మాట్‌కు రెండూ మామూలుగా వాడేదీ ఎక్స్264 ఎన్‌కోడరే (వీడియోను కుదించే భాగం). తేడా అంకెల్లో ఉంది. షాట్‌కట్‌లో క్వాలిటీ 55% అంటే సీఆర్‌ఎఫ్ (కుదింపు ఎంతో చెప్పే అంకె) 23; 65% పెడితే సుమారు 18. సీఆర్‌ఎఫ్ ఎంత తగ్గితే నాణ్యత అంత ఎక్కువ. పోల్చేముందు రెండిట్లో ఒకే సీఆర్‌ఎఫ్ పెట్టి చూడండి.

అపోహ: తెలుగు టైటిల్స్ విరిగిపోతాయి.

వాస్తవం: మల్లన్న, రామభద్ర లాంటి యూనికోడ్ ఫాంటుతో నిక్షేపంగా వస్తాయి. పాత 'అను' ఫాంట్లలో కొట్టిన మ్యాటర్ తెచ్చి అతికిస్తేనే పిచ్చి గుర్తులు, ఎందుకంటే అవి ఇంగ్లిష్ అక్షరాలకు తొడిగిన తెలుగు వేషాలు. ఒక్క చిక్కు మాత్రం నిజం. టైప్‌రైటర్ ఎఫెక్టును అక్షరం చొప్పున పెడితే 'స్త్రీ' ఒక్కసారిగా రాదు: స, స్, స్త, స్త్, స్త్ర, స్త్రీ అని ఆరు గంతులు వేస్తుంది. కేడెన్‌లైవ్‌లో పదం చొప్పున వచ్చేలా మార్చండి.

అపోహ: డావిన్చీ రిజాల్వ్ ఫ్రీ వెర్షన్ ఓపెన్ సోర్సే.

వాస్తవం: కాదు. డబ్బు అడగదు, సోర్సు (ప్రోగ్రామ్ రాసిన కోడ్) ఇవ్వదు. రంగుల పనికి మాత్రం అదే మేలు.

అపోహ: వాటర్‌మార్క్ పడుతుంది.

వాస్తవం: కేడెన్‌లైవ్, షాట్‌కట్, ఓపెన్‌షాట్, దేన్లోనూ పడదు.

అపోహ: 4కే ఫుటేజ్‌కు ఖరీదైన కంప్యూటర్ ఉండాల్సిందే.

వాస్తవం: ప్రాక్సీ ఆన్ చేయండి. ఎడిటింగ్ చిన్న కాపీల మీద జరుగుతుంది, ఎక్స్‌పోర్ట్ అసలు ఫైళ్లతో.

అపోహ: ప్రాజెక్ట్ ఫైలు పెన్‌డ్రైవ్‌లో వేసుకుంటే చాలు.

వాస్తవం: అందులో ఉండేది క్లిప్పుల చిరునామాలే, వీడియోలు కాదు. కేడెన్‌లైవ్ మెనూలో ఆర్కైవ్ ప్రాజెక్ట్ నొక్కితే క్లిప్పులతో సహా ఒకేచోటికి వస్తాయి.