ఫ్లాంబే: మంట ఆరితే మందు పోయినట్టు కాదు

ఫ్లాంబే కౌంటర్లు ఇప్పుడు నల్లగొండ, మిర్యాలగూడ పెండ్లి దావత్‌లలో కూడా పెట్టిస్తున్నారు. వెన్న, చక్కెరలో అరటిపండు ముక్కలు వేగుతుంటే రమ్ము పోసి అంటిస్తాం, మంట లేస్తుంది, అందరూ వీడియోలు తీస్తారు. మంట ఆరగానే ఎవరో ఒకరు అంటారు: "మందంతా కాలిపోయింది, ఇక పిల్లలకు కూడా పెట్టొచ్చు." కేటరింగ్‌లో ఈ మాట వినీ వినీ విసుగొచ్చి రాస్తున్నాను. కాలిపోదు.

మంటలో పోయేది నాలుగో వంతు. ఫ్లాంబే చేశాక 75 శాతం ఆల్కహాల్ మిగులుతుందని అమెరికా వ్యవసాయ శాఖ పట్టికల్లోనే ఉంది. ఎందుకంటే మండేది పెనంలోని రసం కాదు, దాని మీద లేచే ఆవిరి. పండు రసంతో కలిసి రమ్ము పలచబడేసరికి మండేంత ఆవిరి రాదు, అప్పుడు మంట ఆరుతుంది, ఆల్కహాల్ మాత్రం చాలావరకు కిందే ఉంటుంది. "78 డిగ్రీలకే మరుగుతుంది కదా, ఎగిరిపోదా" అని వాదిస్తారు. నీళ్లలో కలిసింది అంత తొందరగా విడిపోదు, 15 నిమిషాలు ఉడికించినా 40 శాతం, రెండున్నర గంటలు ఉడికించినా 5 శాతం ఉంటుంది.

మన దగ్గర దొరికే రమ్ములో ఆల్కహాల్ 42.8 శాతం. నలుగురికి 60 మిల్లీలీటర్లు పోశామనుకోండి, మంట ఆరాక ఒక్కో ప్లేటులో దాదాపు 5 మిల్లీలీటర్ల ఆల్కహాల్ ఉంటుంది, అంటే 100 మిల్లీలీటర్ల మామూలు బీరులో ఉన్నంత. పెద్దవాళ్లకు నిషా ఎక్కదు, నిజమే. కానీ చిన్నపిల్లలు, గర్భిణులు, మాల వేసుకున్నవాళ్లు, మతం ప్రకారం ముట్టనివాళ్లు, కష్టపడి తాగుడు మానినవాళ్లు? వాళ్లకు అబద్ధం చెప్పి తినిపించడానికి మనమెవరం?

మిర్యాలగూడలో ఒక రిసెప్షన్‌లో ఒకామె కౌంటర్ దగ్గరకొచ్చి మెల్లగా అడిగింది: "అన్నా, ఇండ్ల మందు ఉంటదా? మా ఆయన మందు మానే గోలీలు వేసుకుంటున్నడు." మా కుర్రాడు "అంతా కాలిపోయిందక్కా, ఏముండదు" అంటూ ప్లేటు ఇవ్వబోయాడు. నేను ఆపాను. తాగుడు మానడానికి ఇచ్చే డైసల్ఫిరామ్ గోలీలు వేసుకునేవాళ్లకు తిండిలో ఉన్న కొద్దిపాటి ఆల్కహాల్‌తో కూడా ముఖం ఎర్రబడటం, గుండెదడ, వాంతులు రావచ్చు. ఆయనకు వేరే పెనంలో వెన్న, బెల్లంతో అరటిపండు వేయించి ఇచ్చాను, ఇద్దరూ ఇష్టంగా తిన్నారు. తర్వాత ఆ కుర్రాణ్ని కూర్చోబెట్టి, అడిగినవాళ్లకు "ఉంది" అనే చెప్పాలని గట్టిగా చెప్పాను.

గర్భంతో ఉండి తెలియక ఒకటి రెండు చెంచాలు తిన్న చెల్లెళ్లు టెన్షన్‌తో ఫోన్ చేస్తుంటారు. దానికే నిద్ర పాడుచేసుకోకండమ్మా, ఈసారి చెకప్‌కు వెళ్లినప్పుడు డాక్టరమ్మకు చెప్పండి, ఇక ముందు తినకండి, అంతే.

మిగతావి చకచకా చెప్తాను. కల్లు, బీరు, వైన్ మామూలుగా అంటించినా అంటుకోవు, అంత ఆల్కహాల్ వాటిలో లేదు. ఫ్రైడ్ రైస్ బండి మీద లేచే మంట నూనెది, మందుది కాదు. మంట ఎంత పెద్దగా లేస్తే అంత రుచి అనేది ఉత్త మాట.

ఇంట్లో చేసేవాళ్లు సీసాతో నేరుగా పోయకండి, మంట సీసాలోకి పాకి ఎదుటివాళ్ల మీదికి చిమ్ముతుంది. గ్లాసులో కొలుచుకుని, స్టవ్ ఆపి పోయండి, పొడవాటి లైటర్‌తో అంటించండి, మూత చేతికందేలా పెట్టుకోండి. షామియానా కింద అసలు వద్దు. పగటి వెలుతురులో నీలం మంట కనిపించదు, ఆరిందనుకుని మళ్లీ పోసేవాళ్లున్నారు. చెయ్యి కాలితే 20 నిమిషాలు నల్లా కింద పెట్టండి. టూత్‌పేస్ట్ వద్దు, ఐసు వద్దు, పసుపూ వద్దు. బొబ్బలు పెద్దగా వచ్చినా, ముఖం కాలినా నేరుగా దవాఖానకు వెళ్లండి.