క్రిస్మస్ పాటలు: అపోహలు - వాస్తవాలు (ఒక క్వాయర్ లీడర్ అనుభవం నుంచి)

క్రిస్మస్ ప్రాక్టీస్ మొదలైన రోజున, పాటల ఫైళ్లు పంచుతుండగానే ఎవరో ఒకరు ‘సైలెంట్ నైట్’ వెనకున్న ఎలుకల కథ ఎత్తుకుంటారు. ఇరవై మూడేళ్లుగా చర్చిలో క్వాయర్, అంటే పాటల బృందం, నడుపుతున్నాను. ఆ కథ వినని ఏడాది లేదు. మొదట్లో నేనూ చెప్పేవాణ్ని, నమ్మి మరీ చెప్పేవాణ్ని. తర్వాత ఒక్కో పాట ఎక్కడ పుట్టిందో వెతికి చదవడం మొదలుపెట్టాను. చాలా కథలు నిలబడలేదు. పాటలు మాత్రం అంతకుముందు కన్నా దగ్గరయ్యాయి. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: ఎలుకలు ఆర్గాన్‌ను కొరికేశాయి, వేరే దారి లేక ఒక్క రాత్రిలో ‘సైలెంట్ నైట్’ రాసేశారు.

ఈ పాట మాటలు 1816 నాటివి. రాగం కట్టింది 1818 డిసెంబర్ 24న. మధ్యలో రెండేళ్లు గడిచాయి.

రాసినవాడు జోసెఫ్ మోర్. ఆస్ట్రియాలో మరియాప్‌ఫార్ అనే ఊళ్లో అసిస్టెంట్ ప్రీస్టుగా ఉన్నప్పుడు ఆ కవిత రాసుకున్నాడు. తర్వాత సాల్జ్‌బర్గ్ దగ్గరున్న ఓబెర్న్‌డార్ఫ్‌కు మారాడు. అక్కడ క్రిస్మస్ ముందు రోజు ఆ కవితను ఫ్రాంజ్ గ్రూబర్ చేతిలో పెట్టి, ఇద్దరు పాడటానికీ, వెనక క్వాయర్‌కూ, గిటార్‌కూ సరిపోయేలా రాగం కట్టమన్నాడు. గ్రూబర్ పక్క ఊరి బడిపంతులు, ఆ చర్చిలో ఆర్గాన్ వాయించేవాడు కూడా. ఆ రాత్రి ఆరాధనలోనే ఇద్దరూ పాడారు. మోర్‌ది టెనార్, అంటే మగవాళ్లలో పై గొంతు, గిటార్ కూడా ఆయనే. గ్రూబర్‌ది బేస్, అంటే కింది గొంతు. 1854లో గ్రూబర్ ఈ సంగతంతా తన చేత్తో రాసిపెట్టాడు. అందులో ఎలుకల ఊసే లేదు, ఆర్గాన్ పాడైందన్న మాటా లేదు. 1995లో మోర్ చేతిరాత ప్రతి ఒకటి బయటపడింది. కవిత 1816లో రాసినట్టు దాని మీదే ఉంది.

ఎలుకల కథ కన్నా ఆ సంవత్సరం కథే నన్ను ఎక్కువ కదిలిస్తుంది. నెపోలియన్ యుద్ధాలు ముగిసి అప్పటికి ఏడాదే అయింది. దాని మీద 1815లో ఇండోనేషియాలో తాంబోరా అగ్నిపర్వతం పేలి, దాని ధూళి, వాయువులు ఆకాశమంతా కమ్మడంతో 1816లో యూరప్‌కు ఎండాకాలమే రాలేదు. పంటలు పోయాయి. జనం ఆకలితో అల్లాడారు. మోర్ కూడా ఏమీ సుఖంగా పెరగలేదు, పెళ్లికాని ఒక పేద తల్లి కొడుకు. అలాంటి ఏడాదిలో, అలాంటి మనిషి, అంతా నెమ్మదిగా ఉందని రాశాడు. చుట్టూ నెమ్మది ఉంది కాబట్టి రాసిన మాట కాదది. పశువుల తొట్టిలోని బిడ్డ వైపు చూసి రాసిన మాట. ఈ సంగతి తెలిశాక నేను ఆ మొదటి లైను తేలిగ్గా పాడలేకపోయాను.

ఇంకో విషయం. మోర్ రాసినవి ఆరు చరణాలు. ఇప్పుడు ఎక్కువగా పాడేవి మూడే: మొదటిది, ఆరోది, రెండోది. మనం వదిలేసినవాటిలో నాలుగో చరణం ఉంది. యేసు ఒక అన్నలా లోకంలోని జనాలందరినీ కావలించుకున్నాడని చెప్పే చరణం అది. యుద్ధాల నుంచి అప్పుడే బయటపడ్డ కాలంలో ఆ మాట రాయడం చిన్న విషయం కాదు. 1914లో మొదటి ప్రపంచ యుద్ధం మొదలైన కొన్ని నెలలకే, క్రిస్మస్ రోజుల్లో కందకాల్లోంచి జర్మన్ సైనికులు ఈ పాట పాడితే, ఎదురుగా ఉన్న బ్రిటిష్ సైనికులు విన్నారు. ఆ చరణం వాళ్లు పాడారో లేదో గానీ, ఆ పూట చాలాచోట్ల తుపాకులు దింపారు.

క్వాయర్లకు ఒక మాట: గ్రూబర్ రాసినది 6/8 తాళంలో, జోలపాట ఊపుతో ఉంటుంది. దాన్ని మరీ సాగదీసి పాడితే భక్తి పెరగదు, ఊపిరి మాత్రం చాలదు. ఉయ్యాల కదిలినంత వేగం చాలు.

అపోహ: ‘జింగిల్ బెల్స్’ క్రిస్మస్ కీర్తన.

అందులో క్రిస్మస్ అన్న మాటే లేదు, యేసు పేరూ లేదు. మంచు మీద గుర్రపు బండి షికారు, అంతే. జేమ్స్ పియర్‌పాంట్ రాసిన ఈ పాట 1857లో వేరే పేరుతో అచ్చయింది. థ్యాంక్స్‌గివింగ్ పండుగ కోసం రాశాడని చెబుతుంటారు. కానీ 2017లో వెలువడిన పరిశోధన ప్రకారం, 1857 సెప్టెంబర్‌లో బోస్టన్‌లో తెల్లవాళ్లు ముఖానికి నల్లరంగు పూసుకుని నల్లజాతివారిని వెక్కిరించే ఒక ప్రదర్శనలో ఇది మొదట వినిపించింది. పిల్లలు ఆడుతూ పాడుకుంటే నేను వద్దనను. ఆరాధనలో మాత్రం పెట్టను.

అపోహ: దూతలు పాడారు, జ్ఞానులు ముగ్గురు, ‘అవే ఇన్ ఎ మేంజర్’ జర్మన్ సంఘ సంస్కర్త మార్టిన్ లూథర్ రాశాడు.

ఈ మూడూ పాటల వల్లే మన మనసులో పాతుకున్నాయి. లూకా సువార్త 2వ అధ్యాయంలో దూతల సమూహం దేవుని స్తోత్రం చేసిందనే ఉంది, పాడారన్న మాట లేదు. మత్తయి సువార్తలో కానుకలు మూడు. జ్ఞానులు ఎంతమందో చెప్పలేదు, వాళ్లు రాజులనీ చెప్పలేదు. ఇక ‘అవే ఇన్ ఎ మేంజర్’ 1880లలో అమెరికాలో అచ్చులోకి వచ్చిన పాట. 1887లో ఒక పాటల పుస్తకం దానికి లూథర్ జోలపాట అని పేరు పెట్టింది. అదే నిలిచిపోయింది. లూథర్ నిజంగా రాసిన క్రిస్మస్ పాట వేరే ఉంది, అది 1535లో అచ్చయింది.

అపోహ: ‘జాయ్ టు ద వరల్డ్’ యేసు పుట్టుక గురించి రాసిన పాట, రాగం సంగీతకర్త హాండెల్‌ది.

ఒకసారి మాటలు నెమ్మదిగా చదవండి. పశువుల తొట్టి లేదు, గొర్రెల కాపరులు లేరు, బేత్లెహేము లేదు. బైబిల్లోని 98వ కీర్తనను క్రీస్తు వెలుగులో మళ్లీ రాస్తూ ఐజాక్ వాట్స్ 1719లో అచ్చువేశాడు. రాజు వచ్చి భూమిని ఏలడం అందులోని విషయం. చాలామంది పండితులు దాన్ని క్రీస్తు రెండో రాకడ పాటగా చదువుతారు. నేనూ అలాగే చదువుతాను. ఇప్పుడు పాడే రాగాన్ని 1830లలో అమెరికాలో ప్రచారంలోకి తెచ్చింది లోవెల్ మేసన్. దాని మీద హాండెల్ పేరు వేసింది కూడా ఆయనే.

హాండెల్ విషయంలో ఇంకో పొరపాటూ ఉంది. ఆయన క్వాయర్‌కూ వాద్యాలకూ కట్టిన పెద్ద రచన ‘మెస్సయ్య’ను క్రిస్మస్ సంగీతమే అనుకుంటాం. దాని మొదటి ప్రదర్శన డబ్లిన్‌లో, 1742 ఏప్రిల్ 13న. అందరూ లేచి నిలబడే ‘హల్లెలూయ’ కోరస్ రెండో భాగం చివర వస్తుంది. అప్పటికి శ్రమలు, మరణం, పునరుత్థానం అన్నీ గడిచిపోయి ఉంటాయి.

ఇది తెలిశాక మాకు ఒక సందర్భం వచ్చింది. ఒక పెద్దాయన భూస్థాపన ఆరాధనలో ఆయన కుటుంబం ‘జాయ్ టు ద వరల్డ్’ అడిగింది. నెల జూన్. క్వాయర్‌లో కొందరు ఇబ్బందిపడ్డారు, ఇప్పుడు ఈ పాటేమిటని. 98వ కీర్తన తీసి చదివించాను. తర్వాత పాడాం. శాపం ఎంత దూరం వ్యాపించిందో అంత దూరమూ ఆశీర్వాదం వెళ్తుందని చెప్పే మూడో చరణం ఉంది కదా, చాలామంది దాన్ని వదిలేస్తారు. ఆ రోజు పెట్టె పక్కన నిలబడి ఆ చరణం పాడినప్పుడు నాకు అది డిసెంబర్ పాటలా అనిపించలేదు. అప్పటి నుంచి మా ఫైల్లో ఆ చరణం వదలం.

అపోహ: క్రిస్మస్ పాట అంటే సంతోషంగానే ఉండాలి, నవ్వుతూనే పాడాలి.

దీని వల్ల జరిగే నష్టం నేను కళ్లారా చూశాను. మా ఆల్టోల్లో, అంటే ఆడవాళ్లలో కింది గొంతు పాడేవాళ్లలో, ఒకావిడ కొడుకు చనిపోయిన ఏడాది, ప్రాక్టీస్‌కు రాలేనని ఫోన్ చేశారు. అందరూ సంతోషంగా పాడుతుంటే తన మొహం చూసి వాళ్ల పాట చెడిపోతుందని ఆవిడ టెన్షన్. “పాడకపోయినా పర్లేదు అక్కా, వచ్చి మా మధ్య నిలబడండి” అన్నాను. వచ్చి నిలబడ్డారు. పాడలేదు.

ఆ ఏడాదే అమెరికన్ కవి లాంగ్‌ఫెలో కవిత నుంచి వచ్చిన ‘ఐ హర్డ్ ద బెల్స్’ నేర్చుకున్నాం. 1861లో లాంగ్‌ఫెలో భార్య ఒంటికి నిప్పంటుకుని చనిపోయింది. 1863 నవంబర్‌లో అమెరికా అంతర్యుద్ధంలో ఆయన కొడుకు తీవ్రంగా గాయపడ్డాడు. ఆ డిసెంబర్‌లోనే ఆ కవిత రాశాడు. గంటలు మోగుతుంటే మొదట ఆయనకు శాంతి మాటే వినిపిస్తుంది. తర్వాత ఫిరంగుల మోత దాన్ని ముంచేస్తుంది. భూమ్మీద శాంతి లేనే లేదని తల వంచుకుంటాడు. ఆ తర్వాత గంటలు ఇంకా గట్టిగా మోగుతాయి, దేవుడు చనిపోలేదు, నిద్రపోవడమూ లేదని. ఆ రెండు చరణాల మధ్య నేను కావాలనే కాస్త ఎక్కువ విరామం ఇస్తాను. ఆవిడ మరుసటి ఏడాది ఆ పాటలో, ఆ విరామం తర్వాత నుంచి పాడారు.

‘వైట్ క్రిస్మస్’ రాసిన ఇర్వింగ్ బెర్లిన్ యూదుడు. 1928 క్రిస్మస్ రోజునే నెలైనా నిండని కొడుకును పోగొట్టుకున్నాడు. ఆ పాటకు ముందు ఆయన రాసిన, ఇప్పుడు చాలామంది పాడని ఎత్తుగడలో తాటిచెట్లు, ఎండ ఉంటాయి. మంచు లేని చోట కూర్చుని మంచు కోసం తపించే పాట అది. ఇది కీర్తన కాదు. కానీ పండుగనాడు ఇంట్లో ఒక కుర్చీ ఖాళీగా ఉన్నవాళ్లకు ఎందుకంత పట్టేస్తుందో నాకు అర్థమవుతుంది.

అపోహ: పాత కీర్తనల్లో ఒక్క అక్షరం, ఒక్క స్వరం కదపకూడదు. కర్త రాసినట్టే వచ్చాయి.

‘హార్క్ ద హెరాల్డ్’ చూడండి. చార్లెస్ వెస్లీ 1739లో రాసిన మొదటి లైనులో దూతలే లేరు, ఆకాశమంతా మోగుతోందన్నాడు. 1753లో జార్జ్ విట్‌ఫీల్డ్ దాన్ని మార్చి దూతలను తెచ్చాడు. రాగం జర్మన్ సంగీతకర్త మెండెల్‌సన్‌ది. అచ్చుయంత్రాన్ని గూటెన్‌బెర్గ్ కనిపెట్టిన సందర్భాన్ని స్మరించుకునే వేడుక కోసం 1840లో కట్టాడు. అది భక్తి పాటకు సరిపోదని కూడా ఆయన రాశాడు. ఆయన పోయాక, 1855లో విలియం కమ్మింగ్స్ ఆ రాగాన్నీ ఈ మాటలనూ జతచేశాడు. నలుగురు మనుషులు, నూరేళ్లకు పైగా కాలం. ‘సైలెంట్ నైట్’ రాగంలోనూ గ్రూబర్ రాసిన కొన్ని స్వరాలు ఇప్పుడు మనం పాడేవి కావు. ఊరూరా తిరిగి పాడిన గాయక కుటుంబాల నోళ్లలో అవి మారాయి.

మా నాన్న బేస్ పాడేవారు. ‘సైలెంట్ నైట్’ చివరి లైనులో కింది స్వరాన్ని అందరూ ఆపాక కూడా ఒక మాత్ర ఎక్కువ పట్టుకునేవారు. ప్రతి ప్రాక్టీస్‌లో చెప్పేవాణ్ని, “నాన్నా, నా చేయి చూడండి” అని. చూసేవారు, తలూపేవారు, మళ్లీ అలాగే పాడేవారు. నాకు కోపం వచ్చేది.

ఆయన ఒక మార్చి నెలలో పోయారు. ఆ డిసెంబర్ మొదటి ప్రాక్టీస్‌లో ఆ లైను చివర నేను చేయి దించాను. సొప్రానో, ఆల్టో, టెనార్ ఆగిపోయాయి. ముప్పై ఏళ్లు నాన్న పక్కన నిలబడి పాడిన ఇద్దరు బేస్ గాయకులు ఆగలేదు. ఒక మాత్ర ఎక్కువ పట్టారు. నా వైపు చూడలేదు. ఇద్దరూ పాటల ఫైల్లోకే చూస్తున్నారు.

మర్నాడు అన్ని ఫైళ్లు తీసి, బేస్ లైన్లో ఆ స్వరం మీద పెన్సిల్‌తో చిన్న అర్ధచంద్రం, దాని లోపల చుక్క పెట్టాను. ఆపి పట్టమనే గుర్తు అది. కొత్తగా చేరే కుర్రాళ్లు దాన్ని చూసి, “ఇది గ్రూబర్ పెట్టిందా అంకుల్?” అని అడుగుతుంటారు. మా నాన్నది అని చెబుతాను.